ఖాళీ డబ్బా తిరిగి పంపరాదు

మా వాడలో ఎవరింటి నుంచైనా ఒక గిన్నె వస్తే, దాన్ని ఖాళీగా తిరిగి పంపరు. రెండు కమలాపళ్లో, గుప్పెడు ఎండుచేపలో, ఏమీ లేకపోతే నాలుగు వెల్లుల్లి పాయలో వేసి పంపుతారు. ఇదేమీ ఎవరో రాసిపెట్టిన చట్టం కాదు. అయినా ఈ బూసాన్ రేవుపట్నం కొండ మీద పుట్టిన ఆడది పది ఆజ్ఞల్లో ఒకటి మరిచినా మరుస్తుంది గానీ దీన్ని మరవదు. నేనైతే అసలే మరవను. నా పేరు ప్యో మల్‌నమ్. అరవై తొమ్మిదేళ్లు. కొండ కింది చర్చి వంటగదిలో ముప్పై ఏళ్లు పెత్తనం చేసినదాన్ని. ఆదివారం మధ్యాహ్నం నూట ఇరవై మందికి వడ్డించే గరిటె నా చేతిలోనే ఉండేది. ఉప్పు చాలలేదన్నవాళ్లకి ఉప్పుతోపాటు నాలుగు మాటలు కూడా వడ్డించేదాన్ని.

జనవరిలో నా తుంటి విరిగింది. వేకువ ప్రార్థనకి దిగుతుంటే మెట్టు మీద నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి. చీకట్లో చూసుకోలేదు. ఆస్పత్రిలో లోపల ఇనుము పెట్టి అతికించి, ఇరవై రోజుల తర్వాత స్ట్రెచర్ మీద ఇంటికి చేర్చారు. రెండు వందల పైచిలుకు మెట్లు నలుగురు మోశారు. దారి పొడుగునా కళ్లు మూసుకుని నిద్ర నటించాను. మొహం చెల్లక.

అప్పటి నుంచి నా లోకం ఒక గది, ఒక వంటమూల, ఒక కిటికీ. నడక చట్రం పట్టుకుంటే కిటికీ దాకా పదకొండు అడుగులు. అక్కడ నిలబడితే ఓడరేవు, క్రేన్లు, మా చర్చి మీది శిలువ కనిపిస్తాయి. అన్నీ కిందే ఉన్నాయి, నేను పైన. మా ఆయన పోయి ఆరేళ్లయింది. పిల్లల్లేరు.

ఆస్పత్రిలో డాక్టరు ఒక గడువు పెట్టి పంపాడు. వారానికి మూడుసార్లు కింద క్లినిక్‌కి వెళ్లి కాలికి వ్యాయామం చేయించుకోవాలి. ఏప్రిల్ నెలాఖరులోగా కాలు సాగకపోతే అది అలాగే బిగుసుకుపోతుంది. "అప్పుడిక మీరు మెట్లు దిగేది లేదమ్మా," అన్నాడు, వాన పడేలా ఉందని చెప్పినంత తేలిగ్గా. ఇంటికొచ్చి చేయించే మనిషి కూడా ఒకడున్నాడట. మా మెట్లు చూడగానే వాడికి నడుం నొప్పి వచ్చిందట.

దిగడానికి దారి లేకపోలేదు. తోక్‌మాన్ ఉన్నాడు. యాభై ఏడేళ్ల మనిషి, కొండ మీది ఇళ్లకి గ్యాసు సిలిండర్లు వీపున మోసుకొచ్చి ఇస్తాడు. భార్య పోయాక మా చర్చి సంఘంలో చేరి రెండేళ్లయింది. నేను ఇంటికొచ్చిన మొదటి వారమే వచ్చి అడిగాడు.

"అక్కగారూ, నేను బరువుతో ఎక్కుతాను, ఖాళీగా దిగుతాను. దిగేటప్పుడు మిమ్మల్ని వీపున వేసుకుని క్లినిక్ దగ్గర దించుతాను."

"మరి ఎక్కేటప్పుడో?"

"సిలిండరు బదులు మిమ్మల్నే తెస్తాను. మీరు నోరు తెరవకపోతే సిలిండరు కన్నా ప్రమాదం తక్కువే."

వద్దన్నాను. అతను మళ్లీ వచ్చాడు, మళ్లీ వద్దన్నాను. అతనికి నేనేం చెయ్యగలను? వండిపెట్టలేను. అతని ఇల్లు ఊడ్చిపెట్టలేను. వారానికి మూడుసార్లు ఒక మనిషి వీపెక్కి దిగి, ఎక్కి దిగి, ఆదివారం నాడు అతని మొహం ఎలా చూడను?

ఈ రోగం నాకు మా అమ్మ దగ్గర నుంచి వచ్చింది. దేశం రెండు ముక్కలై కొట్టుకున్న యుద్ధంలో ఉత్తరాది నుంచి ఒక మూటతో పారిపోయి వచ్చి ఈ కొండ మీద గుడిసె వేసుకున్న మనిషి ఆమె. నా చిన్నప్పుడు చర్చి ఆవరణలో పేదపిల్లలకి మొక్కజొన్న జావ పోసేవాళ్లు. అమ్మ నా గిన్నె నింపించి, అరుగు మీద పెట్టి, ముట్టుకోవద్దని చెప్పి చీపురు తీసుకునేది. ఆవరణంతా ఊడ్చేది. ఎవరూ ఊడవమనలేదు. ఊడ్చాకే నేను తినాలి. నా కళ్లముందే జావ మీద తొరక కట్టేది. "ఊరికే తిన్నవాళ్లని ఊరు తలెత్తనివ్వదు," అనేది అమ్మ.

అమ్మ పోయి నలభై ఏళ్లయినా నేను దేవుడి దగ్గర కూడా ఊడ్చే తిన్నాను. ఆయన మా ఆయనకి జబ్బు నయం చేస్తే నేను చర్చి వంటగది పట్టుకున్నాను. గాలివానలో ఇంటి కప్పు నిలబెడితే వేకువ ప్రార్థన పట్టుకున్నాను. ఒక్క పొద్దు కూడా తప్పలేదు. ఇప్పుడు పట్టుకోవడానికి నడక చట్రం తప్ప ఏమీ మిగల్లేదు. నా వల్ల ఏ పనీ కానప్పుడు ఆయనకి నాతో పనేమిటి? పగలంతా కిటికీ దగ్గర నిలబడి ఈ ఒక్క మాటే నమిలేదాన్ని. భయమేసేది. తుంటి విరిగినప్పుడు కూడా అంత భయమెయ్యలేదు.

ఈలోగా డబ్బాలు రావడం మొదలైంది. సంఘంలో ఆడవాళ్లు వంతులేసుకున్నారు. ఒకరు గుమ్మడికాయ జావ, ఒకరు వేయించిన నెత్తళ్లు, ఒకరు ముల్లంగి ఊరగాయ. అన్నీ ఒకే రకం ప్లాస్టిక్ డబ్బాలు, మూతకి నాలుగు పక్కలా కొక్కేలు. మా ఊళ్లో వాటిని కొనని ఇల్లు లేదు. ఏది ఎవరిదో తెలియాలని మూతల మీద పేర్లు రాసి కాగితాలు అంటించాను. పది డబ్బాలయ్యాయి, పదిహేనయ్యాయి. తిరిగి పంపాలంటే నింపాలి. నింపాలంటే పొయ్యి దగ్గర నిలబడాలి. నాలుగు నిమిషాలు నిలబడితే కాలు వణికేది. మంచం పక్కన, బీరువా ముందు, తలుపు వెనక డబ్బాలే. ఉన్న పదకొండు అడుగుల దారి కూడా ఇరుకైపోయింది.

తింటే తిన్నాననే బాధ. తినకపోతే పాడైపోతుందనే బాధ. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని. కొన్నాళ్లు అన్నంలో నీళ్లు పోసుకుని తిని, వచ్చినవన్నీ ఫ్రిజ్‌లో దాచాను. గుమ్మంలో అడుగుల చప్పుడు వినిపిస్తే కర్టెన్ లాగేసి ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. "పెద్దమ్మ నిద్రపోతున్నట్టుంది" అని చెప్పుకుంటూ వాళ్లు డబ్బా గుమ్మం ముందు పెట్టి దిగిపోయేవాళ్లు. నా ఇంట్లో నేనే దొంగనయ్యాను. క్లినిక్ నుంచి ఫోను వస్తే ఎత్తేదాన్ని కాదు. మార్చి అయిపోయింది.

ఏప్రిల్ మొదట్లో నాకో ఉపాయం తట్టింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, ఆ పూట లోకంలో తెలివంతా నాకే వచ్చిందనుకున్నాను. ఒకరి డబ్బాలో వచ్చినది ఇంకొకరి డబ్బాలోకి మార్చాను. ముల్లంగి పంపినవాళ్లకి నెత్తళ్లు, నెత్తళ్లు పంపినవాళ్లకి క్యాబేజీ ఊరబెట్టిన కిమ్చి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. పైన మాత్రం నాలుగు నువ్వులు చల్లాను. ఆ నువ్వులు నావే.

తోక్‌మాన్ వచ్చినప్పుడు ఆరు డబ్బాలు మూటగట్టి చేతికిచ్చాను. ఏది ఎవరికో చెప్పాను. "నేనే చేశానని చెప్పు," అని కూడా చెప్పాను.

అతను నా మొహం చూశాడు. పొయ్యి వైపు చూశాడు. వంగి కింద ఉన్న సిలిండరు కదిపి చూశాడు. నేను పడకముందు అతను తెచ్చి పెట్టిన సిలిండరే, దాదాపు నిండుగా ఉంది.

"మంట లేకుండా వండారా అక్కగారూ? ఆకాశం నుంచేమైనా దిగిందా?"

"నీ పని నువ్వు చూసుకో తమ్ముడూ."

మూట భుజానేసుకుని వెళ్లాడు. ఆ సాయంత్రం నాకు మనసు తేలికపడాలి. పడలేదు. చర్చిలో తెలిసీ అబద్ధమాడిన మనిషిని కాను నేను. ఇప్పుడు ఆరు డబ్బాల అబద్ధం కొండ దిగి వెళ్లింది.

మర్నాడు పొద్దున తలుపు దబదబా మోగింది.

"వదినా, తలుపు తియ్యి. నిద్రపోతున్నానని మాత్రం అనకు. నిద్రపోయేవాళ్లు కర్టెన్ సందులోంచి తొంగిచూడరు."

అది క్వాక్ ఇల్‌సున్ గొంతు. వంటగదిలో ముప్పై ఏళ్లు నా పక్కన కూరలు తరిగిన మనిషి. నాకన్నా మూడేళ్లు చిన్నది, మోకాళ్లు మాత్రం నాకన్నా పదేళ్లు పెద్దవి. తలుపు తీసేసరికి గుమ్మంలోనే కూలబడి రొప్పుతోంది. తర్వాత సంచిలోంచి ఒక డబ్బా తీసి, నాలుగు కొక్కేలూ ఒక్కొక్కటే విప్పి, నా ముందు పెట్టింది.

"ఇదేంటి?"

"కిమ్చి."

"ఎవరు పెట్టారు?"

"నేనే."

"సావిడాయ చేప ఎవరు కోశారు?"

నాకు తల కొట్టేసినట్టయింది. మా సంఘం మొత్తంలో కిమ్చిలో సావిడాయ చేప ముక్కలేసేది ఇల్‌సున్ ఒక్కతే. వాళ్ల అత్తగారిది చేపలుపట్టే పల్లె, ఆ అలవాటు అక్కడిది. డబ్బాలు కడిగేటప్పుడు పేర్ల కాగితాలు కొన్ని ఊడిపోయాయి. గుర్తుమీద మళ్లీ అంటించాను. ఆ గుర్తు తప్పి, ఇల్‌సున్ కిమ్చి ఇల్‌సున్ డబ్బాలోనే పెట్టి ఇల్‌సున్‌కే పంపాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నువ్వుల సీసా మీదికి వెళ్లింది.

"ముప్పై ఏళ్లుగా నా కిమ్చి నీచు వాసనన్నావు," అంది ఇల్‌సున్. "నాలుగు నువ్వులు పడేసరికి నీ చేతి వంటయిపోయిందా?"

ఆమె లేచి నన్ను దాటుకుని గదిలోకి వెళ్లింది. బీరువా ముందు, తలుపు వెనక, మంచం పక్కన చూసింది. ఫ్రిజ్ తెరిచింది. ముక్కు మూసుకుని మళ్లీ వేసేసింది. తిరిగి వచ్చి నా ఎదురుగా కూర్చునేసరికి ఆమె మొహంలో వెటకారం లేదు.

"ఇవన్నీ తినలేదా?"

"ఎలా తినను? నింపి పంపడానికి నా దగ్గరేముంది?"

"అందుకని పస్తులున్నావా?"

"అన్నం తిన్నాను."

"నీళ్లు పోసుకుని." అంట్లగిన్నె వైపు చూసి చెప్పింది. "వదినా, మా ఆయన పక్షవాతంతో పడ్డప్పుడు మూడు నెలలు రోజూ జావ తెచ్చావు. గుర్తుందా? నేను ఆ గిన్నెలో రెండు ఉల్లిపాయలేసి పంపితే మర్నాడు నువ్వు బుట్టెడు తెచ్చి పడేశావు. ముప్పై ఏళ్లలో ఒక్కసారన్నా నన్ను పెట్టినదాన్ని కానిచ్చావా? నీ దగ్గర తీసుకుని తీసుకుని నా మెడ వంగిపోయింది. సిగ్గు నీకొక్కదానికే ఉందనుకున్నావా?"

"మరెందుకు తీసుకున్నావు?"

"ఆకలేసింది కాబట్టి."

ఆ మాట అని మొహం పక్కకి తిప్పుకుంది. ముప్పై ఏళ్లు పక్కపక్కన నిలబడి ఆమెను నేను ఎంత కిందకి నొక్కి ఉంచానో ఆ పూట తెలిసింది. ప్రేమతోనే చేశాననుకున్నాను. ప్రేమ లేదని కాదు. కానీ పైచేయి నాదే ఉండాలన్న పంతం అందులో సగానికి పైనే ఉంది.

"ఇల్‌సున్, నాకు భయంగా ఉంది," అన్నాను. నా నోటి నుంచి ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు. "నాకిప్పుడు ఏ పనీ చేతకాదు. దేవుడికివ్వడానికి కూడా ఏమీ లేదు."

"ఎప్పుడుందని? బియ్యం ఎవరివి, నీళ్లెవరివి, గరిటె పట్టిన నీ చెయ్యెవరిది? ఇన్నాళ్లూ ఆయన కిమ్చి ఆయనకే పంపించి పైన నువ్వులు చల్లావు. ఆయన నాలాగా మెట్లెక్కొచ్చి అడగలేదు, అంతే."

నవ్వొచ్చింది. నవ్వబోతే ఏడుపొచ్చింది. ఇల్‌సున్ డబ్బాలోంచి ఒక చేపముక్క వేళ్లతో తీసి, కిమ్చి ఆకులో చుట్టి నా నోటి దగ్గర పెట్టింది. తిన్నాను. నీచు వాసన వేసింది. చాలా బాగుంది. ఇంకోటి పెట్టింది, అదీ తిన్నాను. వెళ్లేటప్పుడు తన డబ్బాలు నాలుగు ఏరుకుని సంచిలో వేసుకుంది. నా చెయ్యి ఊరుకోలేదు, ఒక దాంట్లో రెండు వెల్లుల్లి పాయలు పడేశాను. ఆమె వాటిని తీసి నా ఒళ్లోకి విసిరింది.

"తోక్‌మాన్ రేపు పదింటికి వస్తాడు. వద్దన్నావంటే నేనింక ఈ మెట్లెక్కను. బెదిరింపు కాదు, నా మోకాళ్లు ఒప్పుకోవు."

ఆమె వెళ్లాక ప్రార్థనకి కూర్చున్నాను. "ప్రభువా, ఈ కాలు బాగైతే ఇంకో పదేళ్లు వంటగది..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. వేరేలా మొదలుపెట్టి చూశాను. "నన్ను మళ్లీ కిందికి దింపితే..." మళ్లీ ఆగిపోయాను. అయితే, గియితే లేకుండా నాకు ఒక్క ప్రార్థన కూడా రాదని అప్పుడు తెలిసింది. ఆయనతో ఇన్నేళ్లు మాట్లాడానా, బేరమాడానా? చేతులు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాను. గదిలో ఏమీ మారలేదు, కాలు అలాగే సలుపుతోంది, భయం కూడా అలాగే ఉంది. కానీ ఆయన లేచి వెళ్లిపోయినట్టు మాత్రం అనిపించలేదు.

మర్నాడు పదింటికి తోక్‌మాన్ వచ్చాడు. అతని చేతిలో పసిపిల్లల్ని వీపున కట్టుకునే బొంత ఉంది, దూది కుట్టి పొడుగాటి పట్టీలున్నది. దాని మీద పసుపుపచ్చ బాతులు.

"ఇల్‌సున్ అక్క పంపింది. వాళ్ల మనవరాలిది. చేతులు జారితే పట్టు ఉంటుందని."

"అరవై తొమ్మిదేళ్లకి బాతుల బొంతలో ఊరేగాలా?"

"పూలబొంత కూడా ఉందట. తెమ్మంటారా?"

వద్దనడానికి నోరు తెరిచాను. డాక్టరు పెట్టిన గడువుకి ఇంకా మూడు వారాలే ఉంది. నోరు మూసుకున్నాను. అతను గుమ్మంలో వెనక్కి తిరిగి కూర్చుంటే, నేను చట్రం వదిలి అతని భుజాలు పట్టుకున్నాను. పట్టీలు తన ఛాతీ మీద ముడేసుకుని, గోడ పట్టుకుని, ఒక్క ఊపున లేచాడు.

ఎనభై రోజుల తర్వాత బయటి గాలి తగిలింది. మెట్లు అంత ఏటవాలుగా ఉంటాయని నేను మరిచిపోయాను. అతను ఒక మెట్టు దిగాడు, ఇంకోటి దిగాడు. నేను నా బరువు అతని మీద పడకూడదని ఒళ్లంతా బిగబట్టాను. నడుం నిటారుగా పెట్టి, మోచేతులతో అతని భుజాలు నొక్కి పైకి లేచి, ఊపిరి కూడా సగమే పీల్చాను. మెట్ల పక్కనున్న ఇనుప కమ్మీ చేతికి అందితే దాన్నీ పట్టుకున్నాను, నా భారం కొంత నేనే మోద్దామని. అతను నాలుగు మెట్లు దిగేసరికి ఒక పక్కకి ఒరిగాడు. కాలు తడబడింది. గోడకి భుజం ఆనించి నిలదొక్కుకున్నాడు. అతని గుండె కొట్టుకోవడం నా పొట్టకి తెలుస్తోంది.

"అక్కగారూ, నేను మిమ్మల్ని మోస్తున్నానా, మీరు నన్ను మోస్తున్నారా?"

"బరువవుతానని..."

"బియ్యం బస్తా నయం. తన బరువంతా తెచ్చి నా మీద వేస్తుంది, అది ఎక్కడుందో నాకు తెలుస్తుంది. మీరు దాన్ని గాల్లో పట్టుకున్నారు. ఎటు లాగుతారో తెలీదు. కమ్మీ వదలండి. బరువు నా మీద వేసెయ్యండి. లేదంటే ఇద్దరం కిందికి పోతాం, దొర్లుకుంటూ."

"నాకు చేతకాదు తమ్ముడూ."

"చెయ్యడానికేముంది అందులో? వదిలెయ్యడమే."

కింద ఎవరో తలుపు తీసుకుని మా వైపు చూస్తున్నారు. నేను కమ్మీ మీద నుంచి ఒక్కో వేలూ తీశాను. మోచేతులు వదిలాను. నడుం వదిలాను. పుట్టి బుద్ధెరిగాక ఎవరి మీదా నేను పూర్తిగా ఆనలేదు, మా ఆయన మీద కూడా. ఎలా ఆనాలో ఒంటికి తెలియదు. పొట్ట అతని వీపుకి అతుక్కుంది, గడ్డం అతని భుజం మీద పడింది, విరిగి అతికిన కాలు దాని దారిన అది వేలాడింది. నేనింత బరువుంటానని నాకే తెలియదు.

తోక్‌మాన్ ఒకసారి నన్ను పైకి ఎగదోసుకుని సర్దుకున్నాడు. గోడ వదిలి దిగసాగాడు. ఈసారి ఒరగలేదు.

"బరువుగా ఉన్నానా?" అని అడిగాను.

"ఉన్నారు," అన్నాడు.

ఆదివారం నీకు ఫలానాది వండిపెడతానని చెప్పబోయాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, అతని మెడ చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాను.